అక్షరాన్ని బొమ్మ చేసి పంపకండి

సంపాదకులకు నమస్కారం.

పీడీఎఫ్ పెద్దదైపోయి వెబ్‌సైటు తీసుకోవడం లేదు. చిన్నది చేస్తే చదవడానికి రావడం లేదు. వర్డ్‌లోకి మారిస్తే తెలుగు చెదిరిపోతోంది. వెతికితే ఉన్న మాట కూడా దొరకడం లేదు. పత్రాలతో పనిపడిన వాళ్లందరి నోటా ఈ నాలుగు ఫిర్యాదులే వినిపిస్తాయి. చాలాసార్లు నాలుగింటికీ మూలం ఒక్కటే. కంప్యూటర్‌లో శుభ్రంగా టైపు చేసిన పత్రాన్ని ప్రింటు తీసి, ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి, దాన్నే పీడీఎఫ్ అని పంపుతున్నాం. అక్షరం వెళ్లాల్సిన చోటికి అక్షరం ఫొటో వెళ్తోంది. ఈ అలవాటును ఎలా మానుకోవచ్చో, స్కాన్ తప్పనప్పుడు ఫైలును ఎంతవరకు కుదించవచ్చో మీ పాఠకుల కోసం రాస్తున్నాను.

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో విడుదల చేసింది. 2008లో అది ఐఎస్ఓ 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏ యంత్రంలో తెరిచినా పేజీ ఒకేలా కనపడాలన్నదే దాని లక్ష్యం. అందుకే ఫైలు లోపల ‘ఇది పేరా, ఇది పట్టిక’ అన్న సమాచారం సాధారణంగా ఉండదు. ‘ఫలానా ఫాంటులోని ఫలానా అక్షర రూపాన్ని ఎడమ అంచు నుంచి ఇంత దూరంలో, కింది అంచు నుంచి ఇంత ఎత్తులో పెట్టు’ అన్న ఆదేశాలే ఉంటాయి. ఆ కొలతకు ప్రమాణం అంగుళంలో 72వ వంతు. ఏ4 పేజీ ఆ లెక్కన 595 వెడల్పు, 842 పొడవు. చూడటానికి, ప్రింటుకు ఇంత నమ్మకమైన రూపం మరొకటి లేదు. మళ్లీ దిద్దుకోవడానికి మాత్రం ఇది మొండిది. కాబట్టి అసలు వర్డ్ ఫైలును ఎప్పుడూ పారేయకూడదు. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ వాడేవారికి ఇంకో మంచి ఏర్పాటుంది. ‘ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్’ కిటికీలో హైబ్రిడ్ పీడీఎఫ్ అన్న గడిని టిక్ చేస్తే, దిద్దుకోగల అసలు ఫైలు కూడా ఆ పీడీఎఫ్ కడుపులోనే ఉండిపోతుంది.

భద్రపరిచే దారుల్లోనూ తేడా ఉంది. వర్డ్‌లో ‘సేవ్ యాజ్’కు వెళ్లి రకం దగ్గర పీడీఎఫ్ ఎంచుకుంటే లింకులు, శీర్షికల నుంచి పుట్టే బుక్‌మార్కులు, పేజీ నిర్మాణాన్ని చెప్పే ట్యాగులు నిలబెట్టుకోవచ్చు. బుక్‌మార్కులు కావాలంటే అక్కడే ఆప్షన్స్‌లో టిక్ పెట్టాలి. అదే పత్రాన్ని ‘ప్రింట్’కు వెళ్లి ‘ప్రింట్ టు పీడీఎఫ్’తో చేస్తే అవన్నీ పోతాయి, పేజీ రూపం మాత్రమే మిగులుతుంది. ఏళ్ల తరబడి దాచాల్సిన పత్రమైతే ఆప్షన్స్‌లోనే పీడీఎఫ్/ఏ గడిని టిక్ చేయండి. 2005లో వచ్చిన ఈ ప్రమాణం వాడిన ఫాంట్లన్నీ ఫైల్లోనే ఉండాలంటుంది. తెలుగు ఫాంటు లేని కంప్యూటర్‌లో డబ్బాలు కనపడే బాధ దీంతో తప్పుతుంది.

ఇక బరువు సంగతి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద స్కాన్ చేస్తే 2,480 అడ్డ చుక్కలు, 3,508 నిలువు చుక్కలు, మొత్తం సుమారు 87 లక్షల చుక్కలు వస్తాయి. రంగుల్లో చుక్కకు 3 బైట్లు కాబట్టి కుదించకముందు పేజీ 26 ఎంబీలు. బూడిద రంగులో అందులో మూడో వంతు. తెలుపు, నలుపు మాత్రమే అయితే చుక్కకు ఒక్క బిట్టు (బైటులో ఎనిమిదో వంతు) చాలు, అంటే పేజీకి 11 లక్షల బైట్లు. దాన్ని గ్రూప్ 4 పద్ధతిలో కుదిస్తే మామూలు టైపు పేజీ కొన్ని పదుల కేబీలకు దిగుతుంది. ఇదే పేజీని స్కాన్ చేయకుండా నేరుగా వర్డ్ నుంచి పీడీఎఫ్ చేస్తే అక్షరాలకు కొన్ని వేల బైట్లు సరిపోతాయి. దానికి ఫాంటులో వాడిన భాగం అదనం, అంతే. డీపీఐని 300 నుంచి 150కి తగ్గిస్తే చుక్కలు సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతాయి. పొడవూ వెడల్పూ రెండూ సగమవుతాయి మరి. చాలామంది ఈ లెక్క మరిచి ఒకేసారి 72కు దిగిపోతారు.

తెలుగుకు 72 డీపీఐ పనికిరాదు. ఆ సాంద్రతలో 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు 12 చుక్కలు. తలకట్టు, గుడి, అక్షరం, కింద ఒత్తు, పక్కన వట్రసుడి ఇవన్నీ దాదాపు ఆ 12 చుక్కల్లోనే సర్దుకోవాలి. ద, ధ, థలను వేరు చేసే చిన్న గీత, చుక్క అన్నిటికన్నా ముందు కలిసిపోతాయి. తెరమీద చదవడానికి కనీసం 150, సన్న అక్షరాలకు 200, తర్వాత ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం) చేయాలనుకుంటే 300 పెట్టుకోండి. కుదించడానికి చాలామంది వాడే ఉచిత పరికరం ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో ‘స్క్రీన్’ అన్న అమరిక బొమ్మల్ని 72కు, ‘ఈబుక్’ 150కి, ‘ప్రింటర్’ 300కు దించుతాయి. తెలుగు పత్రాలకు ‘ఈబుక్’ కన్నా కిందికి వెళ్లొద్దు. మ్యాక్‌లో ప్రివ్యూ ఇచ్చే ‘రెడ్యూస్ ఫైల్ సైజ్’ ఫిల్టర్ కూడా బొమ్మల్ని మరీ మసకబారుస్తుంది. స్కాన్ పత్రాలకు దాన్ని నమ్ముకోకపోవడమే మంచిది.

అయితే కుదించడానికి ముందు, బరువు ఎక్కడుందో చూడాలి. జిప్ చేస్తే తగ్గుతుందని చాలామంది ప్రయత్నిస్తారు. పీడీఎఫ్ లోపలి సరుకు సాధారణంగా ముందే కుదించి ఉంటుంది కాబట్టి జిప్‌తో దాదాపు ఏమీ తగ్గదు. వర్డ్‌లో ఫొటోను కత్తిరించినా, కత్తిరించిన ముక్క ఫైల్లోనే దాగి ఉంటుంది. ఫొటో మీద నొక్కి ‘పిక్చర్ ఫార్మాట్’లో ‘కంప్రెస్ పిక్చర్స్’కు వెళ్లి, కత్తిరించిన భాగాలు తీసేయమన్న గడిని టిక్ చేసి, 150 పీపీఐ (ఇదీ అంగుళానికి చుక్కల లెక్కే) ఎంచుకోండి. ఆ తర్వాతే పీడీఎఫ్ చేయండి. అప్పుడు అక్షరాలకు ఏ నష్టమూ జరగకుండా బొమ్మలే తగ్గుతాయి. పీడీఎఫ్‌లో పేజీలు తొలగించినా సైజు తగ్గలేదంటే కారణం వేరు. కొన్ని సాఫ్ట్‌వేర్లు మార్పుల్ని ఫైలు చివర అతికిస్తాయి తప్ప పాతదాన్ని చెరపవు. ‘సేవ్’ బదులు ‘సేవ్ యాజ్’ చేస్తే చాలావాటిలో ఫైలు కొత్తగా రాయబడి చిక్కిపోతుంది.

ఒకసారి కుదించినదాన్నే మళ్లీ మళ్లీ కుదించకండి. బొమ్మల్ని కుదించే జేపీఈజీ పద్ధతి ప్రతిసారీ కొంత సమాచారాన్ని పారేస్తుంది. అక్షరాల చుట్టూ దుమ్ములాంటి మరకలు కనపడేది అందుకే. ఎప్పుడు మొదలుపెట్టినా అసలు ఫైలు నుంచే మొదలుపెట్టండి. 200 కేబీల పరిమితి ఉన్నచోట ఒక పేజీ స్కాన్‌కు నేను చెప్పే వరుస ఇది: ముందు చుట్టూ ఉన్న ఖాళీ, బల్ల అంచు, నీడలు కత్తిరించండి, తర్వాత రంగు నుంచి బూడిదకు మార్చండి, తర్వాత 150 డీపీఐకి దించండి, జేపీఈజీ నాణ్యతను చిట్టచివర తాకండి. చాలామంది నాణ్యతతోనే మొదలుపెడతారు, అక్కడే పత్రం పాడవుతుంది. ఫొటో, ముద్ర, లేత సిరా సంతకం ఉన్న కాగితానికి తెలుపు నలుపు అమరిక వద్దు, ముద్ర పూర్తిగా మాయమైపోవచ్చు. కేబీ అంటే కొన్నిచోట్ల 1,000 బైట్లు, కొన్నిచోట్ల 1,024. కాబట్టి 190 కేబీల దగ్గర ఆగితే తిరస్కరణ ఉండదు. ఈమెయిల్లోనూ ఇలాంటి మెలికే ఉంది. పంపేటప్పుడు ప్రతి 3 బైట్లు 4 అవుతాయి, అందుకే 25 ఎంబీల పరిమితి ఉన్న చోట 18 ఎంబీలు దాటిన ఫైలు వెనక్కి రావచ్చు.

కుదింపు తెచ్చిన ఒక ప్రమాదాన్ని ఇక్కడ చెప్పి తీరాలి. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్, కొన్ని స్కానర్లు పత్రాల్లోని అంకెలను మార్చేస్తున్నాయని బయటపెట్టారు. 6 ఉన్నచోట 8 వచ్చింది. మసకబారలేదు, స్పష్టంగా తప్పు అంకె అచ్చయింది. జేబిగ్2 అనే పద్ధతిలో ఒకేలా ఉన్నాయనిపించిన గుర్తులకు ఒకే బొమ్మను తిరిగి వాడటం దీనికి కారణం. లెక్కలు, కొలతలు, మందుల మోతాదులు ఉన్న కాగితాలకు నష్టం కలిగించే కుదింపును గట్టిగా పెట్టకండి. పెట్టినా, ప్రతి అంకెనూ అసలుతో సరిచూసుకోండి.

మార్పిడి దగ్గరికొస్తే, ముందు ఒక పరీక్ష చేయండి. పీడీఎఫ్‌లో ఒక పదాన్ని మౌస్‌తో ఎంచుకోండి. పదం వరకే నీలం పడితే అక్షరాలున్నట్టు. పేజీ అంతా ఒక్కసారిగా ఎంపికైతే, లేదా ఏమీ ఎంపిక కాకపోతే, అది బొమ్మ. అక్షరాలున్న ఫైలును వర్డ్ 2013లోనూ, ఆ తర్వాతి వర్డ్ వెర్షన్లలోనూ నేరుగా తెరవవచ్చు. కాని పీడీఎఫ్‌లో పేరాలు లేవు కాబట్టి వర్డ్ ఊహించుకుని కడుతుంది. ఒక్కో వరుస ఒక్కో పేరాగా విడిపోవడం, రెండు కాలమ్‌ల వాక్యాలు కలిసిపోవడం ఈ ఊహ ఫలితమే. పట్టికలకు వర్డ్ కన్నా ఎక్సెల్ మేలు. మైక్రోసాఫ్ట్ 365లో ‘డేటా’లో ‘గెట్ డేటా’ కింద పీడీఎఫ్ నుంచి తీసుకునే దారి ఉంది. ఉచితంగా కావాలంటే ట్యాబులా అనే సాఫ్ట్‌వేర్ చక్కగా చేస్తుంది. ఈ రెండూ స్కాన్ బొమ్మ ముందు చేతులెత్తేస్తాయి. దానికి ముందు ఓసీఆర్ కావాలి.

తెలుగు చెదరడానికి అసలు కారణం చాలామందికి తెలియదు. ‘క్రి’ అని టైపు చేస్తే కంప్యూటర్ దాచుకునే వరుస క, పొల్లు, ర, గుడి. పేజీ మీద గీసేటప్పుడు మాత్రం ముందు ‘కి’ అన్న రూపం, ఆ తర్వాత క్రావడి పడతాయి. పీడీఎఫ్‌లో ఉండేది ఈ గీసిన వరుస. ఏ రూపం ఏ అక్షరమో చెప్పే పట్టిక పక్కన సరిగా లేకపోతే, కాపీ చేసినప్పుడు ‘కి్ర’ అని వస్తుంది. కంటికి పేజీ బాగానే ఉంటుంది, వెతికితే మాట దొరకదు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో చేసినదైతే ఇంకా ఘోరం. వాటిలో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఆ ఫాంటుకు తగిన కన్వర్టర్ దొరికితే సరే. లేదంటే అలాంటి ఫైల్లో అక్షరాలున్నా వాటిని వదిలేసి, పేజీల్ని 300 డీపీఐ బొమ్మలుగా మార్చి ఓసీఆర్ చేయడమే నయం. తెలుగు చదవగల టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. వచ్చిన పాఠంలో పేర్లు, అంకెలు, ఒత్తులు మనిషే కూర్చుని దిద్దాలి, దానికి అడ్డదారి లేదు.

పేజీల్ని బొమ్మలుగా మార్చేటప్పుడు అక్షరాల పేజీకి పీఎన్‌జీ, ఫొటోల పేజీకి జేపీఈజీ తీసుకోండి. పీడీఎఫ్‌లో ఉన్న ఫొటో ఒక్కటే కావాలంటే స్క్రీన్‌షాట్ తీయకండి, పాప్లర్ అనే ఉచిత పరికరాల్లోని ‘పీడీఎఫ్ ఇమేజెస్’ అసలు ఫొటోను ఉన్నదున్నట్టు బయటికి తీస్తుంది. ఫొటోలను పీడీఎఫ్ చేయడానికి ‘ఇమేజ్ టు పీడీఎఫ్’ పేరుతో వెబ్‌సైట్లు బోలెడున్నాయి. గుర్తింపు కార్డులు, వైద్య నివేదికలు, బ్యాంకు కాగితాలు అలాంటి చోట ఎక్కించొద్దు. పైన చెప్పిన ఘోస్ట్‌స్క్రిప్ట్, లిబ్రే ఆఫీస్, టెసరాక్ట్, ట్యాబులా అన్నీ ఇంటర్నెట్ లేకుండా సొంత కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి. రహస్య వివరాల మీద నల్ల పట్టీ గీసినంత మాత్రాన అవి పోవని కూడా గుర్తుంచుకోవాలి. పట్టీ కింద అక్షరాలు అలాగే ఉంటాయి, ఎంచుకుని కాపీ చేస్తే బయటపడతాయి. ‘రిడాక్ట్’ అనే పనిముట్టు వాడాలి, లేదా ఆ పేజీ ఒక్కదాన్ని బొమ్మగా మార్చాలి. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను మాత్రం కుదించనూ వద్దు, మార్చనూ వద్దు. లోపలి బైట్లు మారితే సంతకం చెల్లకుండా పోతుంది.

చివరగా, పత్రాలు విడుదల చేసే సంస్థలకు ఒక విన్నపం. బొమ్మగా ఉన్న పేజీని చూపులేని పాఠకులకు తెరమీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు, వారికి అది తెల్ల కాగితమే. సంతకం కోసమే 20 పేజీలను ప్రింటు తీసి స్కాన్ చేస్తున్నట్టయితే, సంతకం ఉన్న చివరి పేజీ ఒక్కటే స్కాన్ చేయండి. మిగతా 19 పేజీలను వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా భద్రపరచి, స్కాన్ పేజీని వాటి చివర కలపండి. కలిపాక ఒక తెలుగు మాటను వెతికి, అది దొరికాకే విడుదల చేయండి.

ఇట్లు,
పత్రాల డిజిటలీకరణ పనిలో ఉన్న ఒక పాఠకుడు