ఈతగాడికి కుర్చీ ఇస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈతగాడు వీర్‌ధవల్ ఖాడే గురించి మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసం చదివి చాలా రోజులే అయింది. గోదావరి దాటి మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచకు పత్రిక చేరేసరికే పొద్దెక్కుతుంది. చదివాక రాద్దామా వద్దా అని కొన్నాళ్లు ఊరుకున్నాను. కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

వ్యాసంలో పతకాలన్నీ వరుసగా ఇచ్చారు, ఫొటో బాగుంది. 2010లో గ్వాంగ్‌జౌ ఏషియాడ్ కాంస్యం, 2011లో అర్జున అవార్డు, ఆ వెంటనే ‘ప్రభుత్వం తహసీల్దారు ఉద్యోగమిచ్చి గౌరవించింది’ అని ఒక్క వాక్యం. అక్కడి నుంచి నేరుగా 2018 జకార్తా ఏషియాడ్‌కు దూకారు. నా ఫిర్యాదంతా ఆ ఒక్క వాక్యం మీదే. ఆ వాక్యం వెనక ఒక ఈతగాడి అసలైన వయసు మొత్తం దాగి ఉంది.

ఖాడే 1991లో కొల్హాపూర్‌లో పుట్టాడు. ఇల్లు వదిలి బెంగళూరు వెళ్లి కోచ్ నిహార్ అమీన్ దగ్గర శిక్షణ తీసుకున్నాడు. పదహారేళ్లకే బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈదాడు. అదే ఏడాది పుణెలో జరిగిన కామన్వెల్త్ యువజన క్రీడల్లో స్వర్ణాలు గెలిచాడు. గ్వాంగ్‌జౌలో 50 మీటర్ల బటర్‌ఫ్లై 24.31 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చేసరికి వయసు 19. ఆ పతకం విలువ కూడా మీ పాఠకులకు సరిగ్గా చెప్పలేదు. అంతకుముందు ఏషియాడ్ ఈతలో మనకు పతకం వచ్చింది 1986లో, సియోల్‌లో ఖజాన్ సింగ్ రజతం. అంటే 24 ఏళ్ల కరువు. స్వర్ణం సంగతికొస్తే 1951 ఢిల్లీలో సచిన్ నాగ్ గెలిచిందే మొదటిది, చివరిది. ఇంత పెద్ద దేశంలో అలాంటి కుర్రాడు ఒకడు దొరికితే ఏం చేయాలి? నీళ్లలోంచి బయటికి రానివ్వకూడదు. మనం ఆఫీసులో కూర్చోబెట్టాం.

తహసీల్దారు పని అంటే ఏమిటో తాలూకాలో బతికేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భూమి పేరు మార్పిడి, సరిహద్దు తగాదాలు, ఆదాయం సర్టిఫికెట్లు, ఇసుక లారీలు, ఎన్నికల డ్యూటీ. 2022 జులైలో గోదావరి మా ఊళ్ల మీదికి వచ్చినప్పుడు పంచనామాలు రాసిన సిబ్బందికి కంటి మీద కునుకు లేదు. అది చిన్న ఉద్యోగం కాదు, మనసు పెట్టి చేస్తే ఇరవై నాలుగు గంటలూ చాలవు. ఆ పనిలో ఉన్న మనిషి తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కొలనులో ఎలా ఉంటాడు? ఉద్యోగంలో చేరాక శిక్షణకు సెలవు దొరక్క ఈతకు దూరమయ్యానని ఖాడేనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో అతను లేడు. అప్పటికి అతని వయసు 23. పరుగు పందెం మనిషైతే రోడ్డు మీదైనా పరుగెత్తుకుంటాడు. ఈతగాడికి నీళ్లే కావాలి, అదీ 50 మీటర్ల కొలను, పక్కన గడియారం పట్టుకుని నిలబడే కోచ్. నెల రోజులు నీళ్లకు దూరమైతే చేతికి నీటి పట్టు తప్పుతుంది. మరి ఏళ్లకేళ్లు దూరమైతే?

ఇక జకార్తా. అన్నేళ్ల తర్వాత తిరిగొచ్చి 50 మీటర్ల ఫ్రీస్టయిల్ హీట్స్‌లో, అంటే తొలి రౌండులో, 22.43 సెకన్లతో జాతీయ రికార్డు పెట్టాడు. ఫైనల్లో 22.47. కాంస్యం గెలిచిన జపాన్ కుర్రాడిది 22.46. తేడా సెకనులో నూరో వంతు. ఆ వేగంలో అది రెండు సెంటీమీటర్ల పైచిలుకు, వేలి కణుపంత దూరం. మీరు ‘త్రుటిలో పతకం చేజారింది’ అని రాసి వదిలేశారు. చేజారడం కాదండీ. ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కడ పోయాయో వెతకాలంటే ఫైళ్ల మధ్య గడిచిన ఆ సంవత్సరాల్లో వెతకాలి. అయినా ఆ మనిషి పోరాటం చూడండి. కరోనా కాలంలో కొలనులు మూసేస్తే రిటైరవుదామా అన్నంత బాధపడి కూడా మళ్లీ ఈదాడు. 2023లో గోవా జాతీయ క్రీడల్లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణం గెలిచి మరీ విరమించాడు. అదే పోటీలో మహిళల స్వర్ణం భార్య రుజుతాది. ఆ దంపతుల గురించి చదువుతుంటే ఎంత గర్వంగా ఉంటుందో, ఆ నడిమి ఏళ్లు తలచుకుంటే అంత కడుపు మండుతుంది.

ఉద్యోగం ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఆటగాడికి అన్నం పెట్టే ఉద్యోగం ఉండాలి. మహారాష్ట్రలో ప్రభుత్వ కొలువుల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది, అది మంచిదే. కానీ ఆడుకోనిచ్చే ఉద్యోగం వేరు, ఆట మానిపించే ఉద్యోగం వేరు. అదే కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా ఉంటూనే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రైఫిల్ షూటింగ్ కాంస్యం తెచ్చాడు. రైల్వే అతన్ని ఆడనిచ్చింది. సాంగ్లీ జిల్లా మురళీకాంత్ పేట్కర్ సంగతి ఇంకా పాతది. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన సైనికుడు, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో దేశానికి మొదటి స్వర్ణం తెచ్చినవాడు. ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది 2018లో. గెలిచిన 46 ఏళ్లకు! ఒకరికి తొందరపడి కుర్చీ వేశారు, ఇంకొకరిని అర్ధ శతాబ్దం దాకా పలకరించలేదు. అధికారుల దగ్గర దండలు, శాలువాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆటగాడు రేపు పొద్దున ఎక్కడ సాధన చేయాలని మాత్రం అడిగేవాళ్లు ఉండరు.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టింది అంటే, మాది నీళ్ల ఊరు. ప్రాణహిత గోదావరిలో కలిసేది మా సిరోంచ దగ్గరే. ఇంకాస్త దిగువకు పోతే ఇంద్రావతి కూడా వచ్చి కలుస్తుంది. ఇక్కడి పిల్లలకు ఈత ఎవరూ నేర్పరు, నడక లాగే వచ్చేస్తుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు లక్షల జనం వస్తే ఘాట్ల దగ్గర కాపలా ఉన్నది గజ ఈతగాళ్లే. ఎవరైనా మునిగిపోతే పోలీసులు ముందుగా కబురు పెట్టేది చేపలు పట్టే మా వాళ్లకే. అర్ధరాత్రి అయినా తాడు కట్టుకుని దిగుతారు. శవాన్ని ఒడ్డుకు చేర్చాక వాళ్ల పేరు పంచనామాలో ఒక సాక్షిగా ఉంటుంది, అంతే. ఒక లైఫ్ జాకెట్ ఇచ్చిన పాపాన పోలేదు, బీమా లేదు, నెల జీతం లేదు.

నది కూడా ఇప్పుడు పాత నది కాదు. మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక నీటి పోకడ మారింది. ఇసుక తవ్విన చోట గుంతలు ఎక్కడున్నాయో ఈ నీళ్లలో పుట్టి పెరిగినవాడికే తెలియదు. 2025 జూన్‌లో బ్యారేజీ దగ్గర స్నానానికి దిగిన ఆరుగురు కుర్రాళ్లు ఒకేసారి పోయారు, అందరూ అవతలి ఒడ్డు పిల్లలు. ఏ ఒడ్డు వాళ్లయితేనేం, ఆ వారమంతా మా ఇళ్లల్లోనూ ముద్ద దిగలేదు. భద్రంగా ఈదే చోటు ఒక్కటి లేనప్పుడు పిల్లలు నదిలోకి కాక ఎక్కడికి పోతారు?

నదిలో ఈదేవాడు కొలనులో గెలుస్తాడని భ్రమ పడేంత అమాయకుణ్ణి కాను. నది ఈతలో తల పైకెత్తి చూసుకుంటూ పోవాలి, కొలనులో తల నీళ్లలోనే ఉండాలి. దిమ్మె మీంచి దూకడం, గోడ దగ్గర తిరగడం, ఊపిరి బిగబట్టడం అన్నీ కొత్తగా నేర్చుకోవాలి. ఎనిమిది, పదేళ్ల వయసులో కోచ్ చేతిలో పడితేనే ఏదైనా. మా పిల్లలు ఎవరి చేతిలో పడాలి? జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, అదీ ఆలాపల్లి మీదుగా గుంతల రోడ్డులో. అటు పోతే ఫారాలన్నీ మరాఠీలో, ఇంట్లో తెలుగు మాట్లాడే తండ్రి నింపలేక ఎవరినో బతిమాలాలి. వంతెన దాటి తెలంగాణలో పోటీకి పోదామంటే మీది మహారాష్ట్ర, ఇక్కడ చెల్లదంటారు. ఓట్లప్పుడు మాత్రం ఏ పార్టీ కూడా మా ఊరి దారి మరచిపోదు. ప్రతి తాలూకాకు ఒక క్రీడా సంకులం, అంటే ఆటల ప్రాంగణం, అన్నది మహారాష్ట్ర సర్కారు తనంతట తాను పెట్టుకున్న విధానమే. మూడు నదుల తాలూకాలో ఆ సంకులంలో ఈత కొలను ఉండాలని ఒక్క అధికారికైనా తోచలేదు.

మీ పత్రికకు రెండు విన్నపాలు. ఖాడే మీద ఇంకో వ్యాసం వేయండి, ఈసారి 2011 నుంచి 2018 దాకా మాత్రమే రాయండి. ఉద్యోగంలో ఉన్న క్రీడాకారుడికి శిక్షణ కాలాన్ని డ్యూటీగా లెక్కగట్టే నియమం ఉందా, ఉంటే ఎందరికి అమలైంది అని ముంబయి సచివాలయాన్ని అడిగి, వచ్చిన జవాబు అచ్చు వేయండి.

రెండోది మా సంగతి. 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకు, రోడ్లకు, పెద్దమనుషుల స్నానాలకు వేసే పందిళ్లకు ఎలాగూ డబ్బు ఖర్చవుతుంది. ఆ లెక్కల్లోనే సిరోంచకు ఒక కొలను, ఒక కోచ్, మా గజ ఈతగాళ్లకు ఏడాది పొడుగునా జీతమిచ్చే కొలువులు చేర్చమని మీ పత్రిక ఇప్పుడే అడగాలి. పుష్కరాల టెండర్లు పిలిచాక రాస్తే ఎవరూ వినరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర