మురళికి, దశాంశాల గురించి

ప్రియమైన మురళీ,

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది ఐదో తరగతి లెక్కలు నీకిచ్చారని, 0.3, 0.12 లలో ఏది పెద్దదంటే సగం మంది 0.12 అన్నారని రాశావు. నేను లెక్కలు చెప్పిన మొదటి ఏడాది కూడా అచ్చం ఇలాగే జరిగిందిరా.

వాళ్లని ఏమనకు. మనం ఆ సంఖ్యల్ని చదివే తీరు చూడు. "పాయింట్ మూడు", "పాయింట్ పన్నెండు" అంటాం. మూడు, పన్నెండు అని చెవిన పడ్డాక ఏ పిల్లాడైనా పన్నెండే పెద్దదంటాడు. రేపటి నుంచి "పాయింట్ ఒకటి రెండు" అని చదువు. "ఒక పదో వంతు, రెండు వందో వంతులు" అంటే ఇంకా మంచిది. మొదటి వారం నీకే నోరు తిరగదు, అయినా వదలొద్దు.

0.3 పక్కన సున్నా చేర్చి 0.30 చేస్తే 12 కంటే 30 పెద్దది కదా అని చెప్పెయ్యాలని నీకు అనిపిస్తుంది. నేనూ అదే చేశాను. మార్కులొచ్చాయి. కానీ నెల తర్వాత అడిగితే సున్నా ఎందుకు చేర్చామో ఒక్కరూ చెప్పలేకపోయారు. అందుకే ముందు గళ్ల కాగితం ఇవ్వు. పదడ్డం పది, మొత్తం వంద గళ్లు. 0.3 అంటే మూడు నిండు వరుసలకి రంగు, 0.12 అంటే ఒక వరుస, ఆపైన రెండు గళ్లు. పోయినేడు ఒక అమ్మాయి రంగు పెన్సిల్ ఆపేసి, "ఇంతేనా సార్? ఇంక రెండు గళ్లేనా?" అని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల దగ్గర నాకు ఈ తప్పు కనిపించలేదు. సున్నా చేర్చే పద్ధతి ఆ తర్వాత చెప్పు, అప్పుడది వాళ్లకి అర్థమయ్యే మాట అవుతుంది.

ఇంకో సంగతి, ఇది చాలా ముఖ్యం. అంకెలు ఎక్కువుంటే పెద్దదనుకునే వాళ్లు ఒక రకం. దానికి సరిగ్గా ఎదురు రకం కూడా ఉంటుంది. వందో వంతులు చిన్న ముక్కలు కాబట్టి 0.45 కంటే 0.3 పెద్దదంటారు. 0.3, 0.12 ఇస్తే ఈ రెండో రకం వాళ్లకి జవాబు కరెక్టే వస్తుంది! 0.35, 0.47 లాంటివి ఇస్తే రెండు రకాల వాళ్లూ కరెక్టుగానే చెప్తారు, నీకేమీ తెలియదు. కాబట్టి 0.3, 0.12 లాంటి జతలూ, 0.45, 0.3 లాంటి జతలూ కలిపి ఇవ్వు, ప్రతి జవాబుకీ "ఎందుకు?" అని అడుగు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తాడు ఆట. గదికి ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టి, ఒక కొసన 0, ఇంకో కొసన 1 తగిలించు. చీటీల మీద సంఖ్యలు రాసి, బట్టలకి పెట్టే క్లిప్పులతో పిల్లల చేతే పెట్టించు. ముందు 0.5, తర్వాత 0.9, 0.45, 0.405, 0.08. 0.08 ని తీసుకెళ్లి 0.9 పక్కన పెట్టేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. నువ్వు మాట్లాడకు, క్లాసే మాట్లాడుతుంది. చివర్లో 0.4 ఒకరికి, 0.40 ఇంకొకరికి ఇవ్వు. మా క్లాసులో ఇద్దరు మగపిల్లలు ఒకే చోటు కోసం క్లిప్పులు పట్టుకుని వాదించుకున్నారు. ఆఖరికి ఒకడు తన చీటీని రెండోవాడి చీటీ మీదే పెట్టి, "ఇద్దరిదీ ఇదే చోటురా" అన్నాడు. ఆ మాట నేను చెప్పి ఉంటే అంత బలం ఉండేది కాదు.

రోజూ ఐదు నిమిషాలకైతే పెట్టెల ఆట చాలు. సున్నా, పాయింట్, పక్కన మూడు ఖాళీ పెట్టెలు, విడిగా ఒక చెత్త పెట్టె. 0 నుంచి 9 వరకు ఉన్న కార్డుల్లోంచి ఒక్కోటి తీసి చదువు. చదివిన వెంటనే దాన్ని ఏదో ఒక పెట్టెలో రాసెయ్యాలి, మళ్లీ మార్చకూడదు. నాలుగు కార్డులయ్యాక ఎవరి సంఖ్య పెద్దదైతే వాళ్లు గెలిచినట్టు. మొదటే 6 వచ్చిందనుకో, పదో వంతుల్లో వెయ్యాలా, 9 కోసం ఆగాలా అని వాళ్లు పడే టెన్షన్ చూడాలి! స్థాన విలువ అంటే అదేరా. మర్నాడు చిన్న సంఖ్య గెలుస్తుందని చెప్పు.

కొలతలు కూడా చేయించు. లాంగ్ జంప్ పెట్టి టేపుతో కొలిస్తే 1.2 మీటర్లు, 1.08 మీటర్లు లాంటివి వస్తాయి, 8 ఉంది కదా అని తగువు మొదలవుతుంది. పరుగు పందెంలో చిన్న సంఖ్యే గెలుపు. ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 2008లో బీజింగ్‌లో 9.69, 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో పరిగెత్తాడు, ఏది గొప్పో వాళ్లనే తేల్చమను. క్రికెట్ ఓవర్లు మాత్రం తేవద్దు. 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, 4.5 తర్వాతి బంతికి 5 అయిపోతుంది, అది దశాంశం కాదు. వాళ్లంతట వాళ్లే అడిగితే తేడా చెప్పు.

తాడు గట్టిగా లాగి కట్టు, వదులుగా ఉంటే చీటీలన్నీ మధ్యకి జారిపోతాయి. 0.08 ఎక్కడ పెట్టారో నాకు రాయి.

నీ
రఘు