అమ్మలూ, నీ కోర్సు గురించి

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. పనిలో ఉండి ఉంటావులే. నువ్వు ఉద్యోగం మానేసి, రాత్రి రెండింటి దాకా కూర్చుని పాఠాలు రికార్డు చేస్తున్నావని మీ చిన్నత్త చెప్పింది. ఆవిడ సంగతి తెలిసిందేగా, గోరంతలు కొండంతలు చేస్తుంది. అందుకే నేనేమీ అడగడం లేదు.

కోర్సు పెట్టడం మంచిదే. బుజ్జిగాడికి భిన్నాలు నేర్పించింది నువ్వే కదా, వాడు ఏడిస్తే ఏడ్చాడు గానీ.

మీ అమ్మ ఆ మధ్య ఆన్‌లైన్లో కుట్టు కోర్సు కొంది. గంటేసి పాఠాలు. కెమెరా అంతసేపూ టీచరు మొహం మీదే. ఆవిడ నవ్వుతూ ‘ఇలా గుచ్చి ఇలా లాగాలి’ అంటుంది, సూది ఎక్కడ దిగుతోందో కనబడదు. మీ అమ్మ ఫోన్ని తలకిందులు చేసి కూడా చూసింది పాపం. కింద ప్రశ్న రాస్తే జవాబు లేదు. మూడో పాఠంతో సరి. తర్వాత ఇంకొకావిడ కోర్సు దొరికింది. పైనుంచి రెండు చేతులూ, సూదీ, గుడ్డా, అంతే. నాలుగు నిమిషాలయ్యాక, కుట్టి ఫొటో పంపమంటుంది. మీ అమ్మ గొలుసు కుట్టు ఐదుసార్లు విప్పి మళ్లీ కుట్టింది, ఫొటో పంపింది. మూడో కుట్టు దగ్గర దారం బిగిసిందని ఆవిడ జవాబు రాసింది. ఇంకేం, కోర్సు పూర్తయ్యేదాకా మాకు తిండి వేళకి లేదు.

సలహాలివ్వకూడదనే మొదలుపెట్టాను. అయినా విను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో జనం వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలు పరిశీలించి 2014లో పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, పాఠం ఎంత పొడుగున్నా సగానికి సగం సార్లు చూసేవాళ్లు ఆరు నిమిషాలకు మించి నిలవలేదు. కాబట్టి ముక్కలు చెయ్యి. ప్రతి ముక్క చివరా చిన్న క్విజ్ పెట్టు. మళ్లీ మళ్లీ చూస్తే వచ్చేసినట్టు అనిపిస్తుంది తప్ప, చూడకుండా గుర్తు చేసుకుంటేనే నిలుస్తుంది. కెమెరా మీద డబ్బు తగలెయ్యకు, మైకు మంచిది కొను. సబ్‌టైటిల్స్ మానకు.

అమ్మకం సంగతి. అన్ని పాఠాలూ రికార్డు చేశాక కొనేవాళ్లను వెతుక్కోకు. ముందు కొద్దిమందికి జూమ్‌లో తక్కువ ఫీజుకి చెప్పి చూడు. వాళ్లడిగే ప్రశ్నలే నీ సిలబస్. యుడెమీ అనే కోర్సులమ్మే సైటులో పెడితే కొనేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు, నిజమే, కానీ వాళ్ల ఈమెయిళ్లు నీ చేతికి రావు. రెండో కోర్సు పెట్టినప్పుడు మళ్లీ మొదటికే. మొదటి పాఠం ఉచితంగా ఇచ్చి, నీ ఈమెయిళ్ల లిస్టు నువ్వు కట్టుకో. ‘నెలలో నిపుణులు’ లాంటి ప్రకటన మాత్రం వద్దు, మన ఇంటా వంటా లేదు.

ఇవన్నీ ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో కూడా చెయ్యొచ్చు. ఊరికే అంటున్నా.

మెడనొప్పి తగ్గిందా? లాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి ఎత్తు చేసుకో. మొదటి పాఠం లింకు పంపు. అమ్మ తప్పులు పడుతుంది, ముందే చెబుతున్నా.

మీ నాన్న