నాన్నగారి మఫ్లర్‌తో గాలపు ఈగలు

సాల్స్‌బరీ, ఇంగ్లండ్,
నవంబర్

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు రాద్దామని రోజూ అనుకుంటూనే ఉన్నాను. రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద కాగితం పెట్టుకుంటాను, పక్కనే రాగి తీగ, ఉన్ని దారం కనిపిస్తాయి, చెయ్యి అటే పోతుంది. కనుక ఇవాళ ఆ సంగతే రాసేస్తాను.

కాలువ గట్టున వానపాము గుచ్చి, బెండు మునుగుతుందా లేదా అని కళ్లార్పకుండా కూర్చునేవాళ్లం కదా. ఇక్కడ ఏవన్ నదిలో నేను వెళ్లే చోట వానపాము పెట్టనివ్వరు, బెండూ ఉండదు. కొక్కేనికి ఈకో ఉన్నో చుట్టి, నీటిపురుగులా కనిపించే ఎర తయారు చేయాలి. ఇక్కడివాళ్లు దాన్ని ఫ్లై అంటారు. నేను గాలపు ఈగ అంటాను. దుకాణానికి వెళ్తే రంగురంగుల ఈకలు, మెరుపు దారాలు గోడ నిండా ఉంటాయి. అవేవీ లేకుండానే చేపను ఒప్పించవచ్చని చూపించిన మనిషి ఈ నది ఒడ్డునే బతికారు.

ఆయన పేరు ఫ్రాంక్ సాయర్. ఇక్కడికి ఎగువన నెదరేవన్ ఊరి దగ్గర నదిని కనిపెట్టుకుని ఉండడమే ఆయన ఉద్యోగం. 1980లో పోయారు. గ్రేలింగ్ చేపల కోసం ఆయన కట్టిన ఈగను కిల్లర్ బగ్ అంటారు. దానికి కావలసినవి రెండే: సన్నటి రాగి తీగ, మేజోళ్ల చిరుగులు కుట్టుకునే ఉన్ని. ఆ ఉన్ని చాడ్విక్స్ కంపెనీది, నంబరు 477. పొడిగా ఉంటే బూడిదరంగు కలిసిన లేత గోధుమరంగు. తడిస్తే గులాబీ ఛాయ తిరుగుతుంది. ఏటి అడుగున గులకరాళ్ల మధ్య తిరిగే బుల్లి రొయ్యలు కూడా అలాగే ఉంటాయిరా. ఆ ఉన్ని తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది. మిగిలిన పాత చుట్టలను జనం బంగారంలా దాచుకుంటారు.

అది నాకెక్కడ దొరుకుతుంది? మొన్న బీరువా సర్దుతుంటే నాన్నగారి మఫ్లర్ బయటపడింది. ఇక్కడికి వచ్చేముందు చలికని రాజమండ్రిలో టిబెటన్ల దగ్గర కొన్నది, నువ్వే కదా తోడు వెళ్లావు. రెండుసార్లు వచ్చినప్పుడూ మెడకు అదే చుట్టుకుని తిరిగారు. మళ్లీ వస్తానుగా అని ఇక్కడే వదిలి వెళ్లారు. మూడోసారి రావడం కుదరలేదు. ఇప్పుడది పురుగు కొట్టి జల్లెడలా ఉంది, పారేయడానికి చేతులు రాలేదు. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. జుట్టు కాలిన వాసన వచ్చింది, వేళ్లతో నలిపితే పొడైంది. అంటే అసలైన ఉన్నే. నైలాను అయితే కరిగి పూసలా గట్టిపడుతుంది. తర్వాత టీ సాసర్‌లో రాగి తీగ ఉంచి, దాని మీద పోగును తడిపి చూశాను. నెమ్మదిగా ఆ గులాబీ ఛాయ తేలింది. చాలాసేపు ఆ సాసర్ వంకే చూస్తూ కూర్చున్నాను.

తీగ పాడైన ఫోను ఛార్జరు లోపలిది. కొక్కేన్ని పట్టి ఉంచడానికి పట్టకారు. పిడులకు రబ్బరు బ్యాండు బిగిస్తే వదలదు. ముందు కొక్కెం కాడ మీద తీగను చుట్టు పక్కన చుట్టు ఆనేలా రెండు పొరలు చుట్టాలి, నడుమ కాస్త లావుగా. ఆ బరువే దాన్ని అడుగుకు తీసుకెళ్తుంది. సీసం ముట్టను, గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లు మింగి హంసలు చచ్చిపోతున్నాయని 1987లోనే ఇక్కడ వాటిని నిషేధించారు. తీగ మీద ఉన్ని మూడు పొరలు, తోక దగ్గర మళ్లీ తీగతో నాలుగు చుట్లు బిగించి తెంపడం. పైన గోళ్ల రంగు చుక్క వేస్తే ఊడదు. తొలి రెండూ తీగకు బదులు కుట్టుదారంతో కట్టాను, అవి అడుగుకు దిగనే లేదు. చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి పొరతో, పాత క్యాసెట్ టేపుతో కూడా కట్టి చూశాను. అందంగానే ఉన్నాయి కానీ, నీళ్లలో ఉన్ని నూగు కదిలినట్టు అవి కదలవు.

పోయిన ఆదివారం నదికి వెళ్లాను. సుద్దనేలలోంచి ఊరి వచ్చే నీళ్లు కనుక అద్దంలా ఉంటాయి. నడుములోతున నాలుగు గ్రేలింగులు కనిపించాయి. వాటికి ఎగువన ఈగను వేసి, మునగనిచ్చి, దగ్గరికి వచ్చేసరికి కర్ర కొస మెల్లగా ఎత్తాను. పారిపోతున్న రొయ్యలా అది పైకి లేచింది. ఒక చేప పక్కకు తిరిగింది, తెల్లటి నోరు తెరుచుకుని మూసుకుంది. జానెడున్నర చేప, వెన్ను మీద తెరచాపలాంటి రెక్క! ఒంటికి థైమ్ ఆకు వాసన ఉంటుందని శాస్త్రజ్ఞులు దానికి థైమాలస్ అని పేరు పెట్టారు. థైమ్‌కూ మన వాముకూ ఆ ఘాటు ఇచ్చేది ఒకటే పదార్థం, థైమాల్. చేపను వదిలేశాక చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాచు వాసన వెనక, సన్నగా, వాము.

నీకొక పని. మీ పెరట్లో డేగ పుంజు ఉందన్నావుగా, దాని మెడ ఈకలు రాలితే దాచి ఉంచు. మన దేశపు పుంజుల మెడ ఈకలు ఇక్కడి దుకాణాల్లో ఎప్పటినుంచో అమ్ముతున్నారు. పోస్టులో మాత్రం పంపకు, ఈకలకు నిబంధనలున్నాయి. నువ్వే కట్టు. ఈకను కాడ చుట్టూ తిప్పితే పోచలు నిలబడి నీళ్ల మీద తేలుతుంది. సాయంత్రం కాలువలో చిన్న పరిగెలు పురుగుల కోసం పైకి ఎగిరే వేళ వేసి చూడు.

కవరులో మఫ్లర్ ఉన్నితో కట్టినవి రెండు పెట్టాను. మొనలకు బెండు ముక్కలు గుచ్చాను, తీసేటప్పుడు జాగ్రత్త. ఒకటి నీకు. రెండోది మా అమ్మకు చూపించు. ఏ పోగో నువ్వు చెప్పకముందే గుర్తుపడుతుందేమో చూసి రాయి.

నీ
రఘు