తీరం వెంట ఒక ఏడాది: మన నడక సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు మన సంఘం చేసిన పనులను మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు కాబట్టి డబ్బు లెక్కల్లోకి నేను వెళ్ళను. నడకల గురించే రాస్తాను. కాలనీలో పొద్దున్నే నడిచే కొద్దిమందిమి, ఇంటికొచ్చిన చుట్టాలకు విశాఖ తీరం చూపిద్దామని మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు చుట్టాల చుట్టాలు, వాళ్ళ ఆఫీసువాళ్ళు కూడా ముందే ఫోన్ చేసి అడిగి వస్తున్నారు.

వచ్చేవాళ్ళలో చాలామంది ఊరు మొత్తం ఒక్క రోజులో చూసేయాలనుకుంటారు. పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం జలాంతర్గామి, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, మర్నాడు అరకు రైలు. అవి చూడాల్సినవే. అయితే కారు దిగి ఫొటో తీసుకుని మళ్ళీ కారెక్కితే ఈ తీరం మనసుకు ఎక్కదు. ఏ వేళకు ఎండ ముదురుతుందో, నీరు ఎప్పుడు వెనక్కి పోతుందో, ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో తెలిసి నడవాలి. వచ్చినవాళ్ళకు ఈ ఏడాది మనం చెప్పింది ఇదే. ఇందులో ఒకటి మనమూ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది, దాని గురించి కింద వివరంగా రాశాను.

ఎండాకాలం నడకలు

ఏప్రిల్, మే నెలల్లో నడకలు ఆపేద్దామని కొందరు సభ్యులు అన్నారు. సెలవుల్లో పిల్లలతో వచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఆపకుండా, వేళ మార్చాం. మే నెలలో మనకు ఐదున్నర కాకముందే తెల్లగా తెల్లారిపోతుంది. మన తీరం తూర్పు ముఖంగా ఉంది కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచే పైకొస్తాడు. ఐదింటికల్లా బీచ్ రోడ్డు మీద ఉండి, ఏడు కొట్టేసరికి ముగించేశాం. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళకు ఒక విషయం పదే పదే చెప్పాల్సి వచ్చింది. అక్కడి ఎండ పొడిగా ఉంటుంది, ఇక్కడిది ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. థర్మామీటర్‌లో అంకె తక్కువే కదా అని తొమ్మిదింటికి బయలుదేరితే కళ్ళు తిరుగుతాయి. మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు మన సంచిలో ఎప్పుడూ ఉంచాం, రెండుసార్లు అక్కరకొచ్చాయి కూడా.

మధ్యాహ్నాలు నీడపట్టున చూసేవి పెట్టుకున్నాం. కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళిన పిల్లలు బయటికి రావడానికి ఒప్పుకోలేదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001లో విరమించింది, మరుసటి ఏడాది నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో నెలల తరబడి మనుషులు ఎలా బతికారో అక్కడి గైడ్లు (చాలామంది నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్ళే) చెబుతుంటే వినాలి. సోమవారం సెలవు, సభ్యులు గుర్తుంచుకుని చుట్టాలకు చెప్పండి. ఎదురుగానే నౌకాదళం గస్తీకి వాడిన టీయూ-142 విమానం ఉంది, అది 2017 నుంచి మ్యూజియం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. "విశాఖ వచ్చి కోనాం చేప తినకుండా వెళ్ళాలా?" అని మొహం చిన్నబుచ్చుకున్న అతిథులకు ఈ సంగతి చెబితే అర్థం చేసుకున్నారు.

తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు

ఈ ఏడాది నడకల్లో ఎక్కువమంది మళ్ళీ తీసుకెళ్ళమని అడిగినవి భీమిలి రోడ్డులోని ఈ రెండూ.

తొట్లకొండ మీద నిలబడితే కింద మంగమారిపేట, ఆపైన సముద్రం తప్ప ఇంకేమీ కనబడదు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఇక్కడ చైత్యాలు, విహారాలు కట్టుకుని, వాన నీటి కోసం బండలో తొట్లు తొలిచారు. కొండ పేరు ఆ తొట్ల నుంచే వచ్చింది, పక్కనున్న బావికొండకు బావుల నుంచి వచ్చినట్టు. 1980ల చివర్లో మొదలైన తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. ఓడల మీద ఎక్కడెక్కడి నుంచో మనుషులు ఈ తీరానికి వచ్చేవారనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఈ మాట చెప్పగానే, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడు తొట్టి పక్కన కూర్చుండిపోయి, నీరు ఎటు నుంచి ఎటు పారేదో వేలితో గీసుకుంటూ అరగంట గడిపాడు. నాకు ఈ ఏడాది బాగా నచ్చిన దృశ్యం అది.

ఎర్రమట్టి దిబ్బలకు నవంబరు తర్వాతే తీసుకెళ్ళాం. వానల్లో అక్కడ నడిస్తే మన అడుగుల వెంట మట్టి జారి కొత్త గండ్లు పడతాయి. సముద్ర మట్టం ఇప్పటికంటే చాలా దిగువన ఉన్న రోజుల్లో, బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ పోగేసిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇసుకలోని ఇనుము వేల ఏళ్ళుగా తుప్పుపట్టి ఆ ఎరుపు వచ్చింది. దాన్ని వాన నీరు కోసుకుంటూ పోతే ఈ లోయలు, గోడలు ఏర్పడ్డాయి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అంత గుర్తింపు ఉన్నా ప్లాస్టిక్ సీసాలు, గోడల మీద చెక్కిన పేర్లు, అంచుల దాకా వచ్చిన బండ్ల చక్రాల జాడలు చూసి మన సభ్యులు కొందరు కంటనీరు పెట్టుకున్నారు. ఒకసారి తెగిన దిబ్బ మళ్ళీ మన జీవితకాలంలో రాదు. అందుకే కార్యవర్గం ఒక నియమం పెట్టింది: దిబ్బల్లో నడక ఉన్నరోజు పదిహేను మందికి మించి తీసుకెళ్ళం, శిఖరాల మీదికి ఎక్కించం, గుప్పెడు మట్టి కూడా గుర్తుగా తీసుకెళ్ళనివ్వం. పిల్లలు అడిగితే కష్టంగానే ఉంటుంది, అయినా ఇవ్వకండి.

డిసెంబరులో జరిగిన సంగతి

దీన్ని నివేదికలో రాయాలా వద్దా అని కార్యవర్గంలో చర్చ జరిగింది. రాయాలనే నా అభిప్రాయం, సభ్యులకు తెలియకపోతే మళ్ళీ జరుగుతుంది.

డిసెంబరు రెండో ఆదివారం రాళ్ళున్న ఒడ్డు వెంట నడుస్తుండగా, ఒక అతిథి వెనకబడి ఫొటో కోసం మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. కెరటం కాలికింద ఇసుక లాగేసింది. ఆయన పడ్డారు, లేచేలోపే నీరు లోపలికి లాక్కుపోయింది. దగ్గర్లో వల సర్దుకుంటున్న మత్స్యకారులు ఇద్దరు తాడు విసిరి బయటికి తెచ్చారు. మోచేతులు గీరుకుపోవడం తప్ప ఆయనకేమీ కాలేదు. మనవాళ్ళు అందరూ ముందు నడుస్తున్నారు, వెనక ఒక్కరూ లేరు. ఆరోజు నడకకు బాధ్యుడిని నేనే కాబట్టి ఆ తప్పు నాది.

తర్వాత ఆ మత్స్యకారుల్లో పెద్దాయన మమ్మల్ని ఒడ్డున నిలబెట్టి చూపించారు. "తెల్లగా నురగ విరుగుతున్న చోటు కాదు బాబూ, మధ్యలో నిమ్మళంగా కనబడుతున్న సందు ఉంది చూడండి, లాగేది అక్కడ" అన్నారు. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట తిరిగి లోపలికి పోవాలి కదా, అది ఇరుకైన దారిలో జోరుగా పోతుంది. అక్కడ కెరటాలు విరగవు కాబట్టి స్నానానికి అనువుగా కనిపిస్తుంది. ఊరికి కొత్తవాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆర్కే బీచ్‌లో, యారాడలో ఏటా ప్రాణాలు పోతున్నది ఇలాగే. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. తేలుతూ చెయ్యెత్తాలి, చేతనైతే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ దారిలోంచి బయటపడాలి.

అప్పటి నుంచి ప్రతి నడకలో ముందొకరు, వెనకొకరు సభ్యులు ఉంటున్నారు. వెనకుండే సభ్యుడి దగ్గర తాడు, ఈల ఉంటాయి. నీళ్ళలో దిగాలనుకునేవాళ్ళను లైఫ్‌గార్డులు ఉండే రుషికొండకే పంపుతున్నాం. శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన తీరం అది, అక్కడ కూడా వాళ్ళు చూపిన హద్దు దాటొద్దని చెప్పి పంపుతున్నాం. కార్తీక, మాఘ పౌర్ణములకు సముద్ర స్నానానికి వచ్చే మన ఇళ్ళ పెద్దవాళ్ళకు కూడా ఇది చెప్పండి. చెంబుతో ఒడ్డున పోసుకున్నా పుణ్యం తగ్గదు.

రాళ్ళ మధ్య నీళ్ళు, ఇసుకలో గుడ్లు

ఆటు సమయంలో రాళ్ళ గుంటల్లో మిగిలే నీటిని చూసే నడకలు ఈసారి మూడు పెట్టాం. పౌర్ణమి, అమావాస్యల దరిదాపుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది, ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతూ ఉంటుంది. అందుకని ఈ నడకలకు ఒకే వేళ కుదరదు, పట్టిక చూసి మధ్యాహ్నం ఎండ వాలాక పెట్టుకున్నాం. ఖాళీ గుల్లను ఇల్లు చేసుకున్న పీతలు, పువ్వులా విచ్చుకుని వేలు చూపగానే ముడుచుకునే అనిమోన్లు, రాయికి అంటిపెట్టుకున్న గుల్లలు. పుట్టినప్పటి నుంచి విశాఖలో ఉంటున్న నేను అరవై ఏళ్ళు దాటాక ఇవి మొదటిసారి చూశాను. ఏదీ చేతిలోకి తీసుకోవద్దు, తిరగేసిన రాయిని మళ్ళీ అలాగే పెట్టాలి.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన ఒడ్డున గుడ్లు పెడతాయి, ఒక్కొక్కటి వంద పైచిలుకు. అటవీశాఖ వాళ్ళు వాటిని సేకరించి కంచె వేసిన చోట పూడ్చి కాపాడతారు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. అటవీశాఖ అనుమతితో ఒక తెల్లవారుజామున తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం దూరం నుంచి చూశాం. అవి వెలుతురు ఉన్న వైపు పాకుతాయి, బీచ్ రోడ్డు దీపాలు వాటిని ఊరివైపు లాగుతాయి. ఫ్లాష్ వెయ్యొద్దన్నది అందుకే. అదే నెలలో వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్ళను కూడా చూశాం. మాతో వచ్చిన చిన్నపిల్లలకు అవి కూడా చూపించాం, దాచలేదు.

మిగతావి క్లుప్తంగా

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు 32 కిలోమీటర్ల దారిలో మన సభ్యులు మజ్జిగ పంచారు. కార్తీక వనభోజనాలు కంబాలకొండలో, విస్తరాకుల్లో జరిగాయి. భీమిలిలో డచ్చివారి సమాధులు, దీపస్తంభం చూసి, గోస్తని సముద్రంలో కలిసేచోట తేగలు తిన్నాం. బొర్రా గుహల్లోంచి పారే గోస్తనే ఇది అని చెబితే, మర్నాడు అరకు రైలెక్కబోతున్న అతిథులు నదిని వెనక్కి వెతుక్కుంటూ వెళ్తున్నామని సంబరపడ్డారు.

వచ్చే ఏడాదికి

వెనక నడిచే బాధ్యతకు ఇప్పుడు నలుగురమే ఉన్నాం, కనీసం ఇంకో ఆరుగురు కావాలి. ఈత వచ్చి ఉండాలన్న నియమం లేదు, ఫోన్ జేబులో పెట్టుకుని కళ్ళు అతిథుల మీద ఉంచగలిగితే చాలు. మనల్ని ఆదుకున్న మత్స్యకారులు తాడు విసరడం, కెరటం చూడటం నేర్పడానికి ఒప్పుకున్నారు. మొదటి శిక్షణ ఏప్రిల్ మొదటి ఆదివారం ఉదయం ఐదింటికి, ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి ఎదురుగా. పేర్లు నాకు గానీ, సహాయ కార్యదర్శికి గానీ ఆ ముందు శుక్రవారంలోగా ఇవ్వండి.

మీ కార్యదర్శి