శ్రీధర్‌కు: విడుపు ఎవరి దగ్గరుంది?

విజయవాడ,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన శ్రీధర్,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ చెల్లెమ్మా పిల్లలూ కులాసాగా ఉన్నారని తెలిసి సంతోషించాను. క్షేమసమాచారాలు ఇంతటితో ముగించి నేరుగా పోట్లాటలోకి దిగుతాను. నేను పట్టుబట్టి కొనిపించిన 'ఇంటు ది బ్రీచ్' అనే కంప్యూటర్ ఆటను గంటన్నర ఆడి, అలాంటి ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఉన్న రెండు గంటల గడువు దాటకముందే తిప్పి పంపి డబ్బు వెనక్కి తీసుకున్నానని నువ్వు రాసిన వాక్యం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పైగా "ఇది యుద్ధం ఆట కాదు, లెక్కల మాస్టారు ఇచ్చిన హోంవర్కు" అని ఒక తీర్పు కూడా జతచేశావు. ఆ తీర్పులో సగం నిజం ఉంది కాబట్టే నాకు అంత గుచ్చుకుంది.

ముందు ఆ సగం ఒప్పుకుంటాను. అడ్డం ఎనిమిది గడులు, నిలువు ఎనిమిది గడులు, అంటే సరిగ్గా చదరంగం బల్లంత చోటు. మన వైపు మూడే మూడు యంత్రాలు. నేలలోంచి పుట్టుకొచ్చే రాకాసి పురుగులు తాము ఏ గడిని కొట్టబోతున్నాయో ముందే చూపించి, ఆ తరువాతే మనకు వంతు ఇస్తాయి. మనం వాటిని చంపనక్కరలేదు. ఒక గడి పక్కకు నెడితే చాలు, భవనం మీద పడవలసిన దెబ్బ పోయి దాని తోటి పురుగు మీదే పడుతుంది. కొన్ని వంతుల పాటు ఊరిని కాపాడగలిగితే ఆ పోరు మనదే. పాచికలు లేవు, గురి తప్పడం లేదు. దెబ్బ తిన్న భవనం ఒక్కోసారి తట్టుకుని నిలబడుతుందన్న చిన్న ఆశ తప్ప అదృష్టానికి ఆ బల్ల మీద పెద్దగా చోటు లేదు. నేను ఒకే ఒక్క వంతు దగ్గర నలభై నిమిషాలు కూర్చున్న రోజులున్నాయి. టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా గోడకేసి చూస్తున్నానని మా ఆవిడ కంగారు పడింది కూడా. దీన్ని లెక్క అని నువ్వంటే నేనెలా కాదనగలను?

ఈ మాట అన్నది నువ్వొక్కడివే కాదు. 2018లో ఆ ఆట వచ్చిన నాటి నుంచి ఆడినవాళ్ళు రెండు వర్గాలుగా చీలి, "ఇది వ్యూహం కాదు, పజిల్" అనే ఒకే వాక్యాన్ని ఒకరు నిందగానూ ఇంకొకరు పొగడ్తగానూ వాడుతూనే ఉన్నారు. ఈ తగవుకు ఒక పూర్వకథ ఉంది. దీన్ని తయారుచేసిన జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అనే ఇద్దరే 2012లో 'ఎఫ్‌టీఎల్' అనే అంతరిక్ష నౌక ఆటను తెచ్చారు. జనం దగ్గర చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో 10 వేల డాలర్లు అడిగితే జనం దాదాపు 2 లక్షల డాలర్లు ఇచ్చి చేయించుకున్న ఆట అది. దాని మీద అందరూ చెప్పుకున్న ఫిర్యాదు ఒకటే: అంతా బాగా ఆడి, సరైన ఆయుధం అమ్మే దుకాణం దారిలో తగలక, చివరి యుద్ధంలో ఊరికే చచ్చిపోతున్నామని. అదృష్టం మీద అంతగా ఆధారపడిన ఆట చేసిన చేతులే, తరువాతి ఆటలో శత్రువు మనసులోని మాటను కూడా బల్ల మీద పరిచేశాయి. ఓడినవాడికి ఇక సాకు మిగలలేదు.

మీ అమ్మమ్మగారింట్లో వేసవి సెలవులు గుర్తున్నాయా? అష్టాచెమ్మాలో నీకు వరసగా అష్టలు పడుతుంటే, గవ్వలను నువ్వు ఏదో చేస్తున్నావని నేను అలిగి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. అదే పులి-మేక ఆటలో, పదిహేను మేకలు చేతిలో ఉండి కూడా నీ మూడు పులులను కట్టలేకపోయిన రోజున నాకు అలిగే అవకాశం ఉండేది కాదు. పావులన్నీ కళ్ళ ముందే ఉన్నాయి, నాకే కనిపించలేదు. 'ఇంటు ది బ్రీచ్' ఆ రెండో రకం బాధ. ఆ బాధ ఇష్టం లేనివాడిని నేను తప్పుపట్టను, కానీ నువ్వు ఆ రకం మనిషివి కాదని నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

ఇప్పుడు నీ తీర్పులో నేను ఒప్పుకోని సగానికి వస్తాను. పొడుపుకథలో పొడుపు వేసినవాడి దగ్గర విడుపు ఉంటుంది, వాడు దాచిన మాటను మనం వెతుకుతాం. హోంవర్కు అయినా అంతే, జవాబు పుస్తకం చివరి పేజీల్లో అచ్చయి ఉంటుంది. కానీ ఈ ఆటలో ప్రతి పోరులోనూ పురుగులు ఎక్కడ లేస్తాయో, ఏ భవనం మీదికి వెళతాయో అప్పటికప్పుడు కలిసివచ్చే విషయం. ఎవరూ కూర్చుని రాసిన ప్రశ్న కాదది. అందువల్ల దానికి నష్టంలేని జవాబు ఉండి తీరాలన్న హామీ లేదు. ఒక్కోసారి భవనాన్ని పోగొట్టుకోవాలో, యంత్రాన్ని అడ్డం పెట్టి దానిలోని పైలట్‌ను పోగొట్టుకోవాలో మనమే తేల్చుకోవాలి. ఆట దీవి తరువాత దీవిగా సాగుతుంది కాబట్టి, ఏది పోతే తరువాతి దీవిలో ఎక్కువ నొప్పి అన్న ఆ బేరీజు లెక్క కాదు, యుద్ధమే. తొలి గంటన్నరలో ఈ సంగతి తెలియదు, ఎందుకంటే మొదటి దీవిలో జవాబులు సులభంగా దొరికేస్తాయి. రెండు గంటల గడువు ఇలాంటి ఆటలకు చేసే అన్యాయం అదే.

అచ్చమైన పొడుపుకథ చూడాలంటే 'బాబా ఈజ్ యూ' చూడాలి. ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వి టైకారి 2017లో నార్డిక్ గేమ్ జామ్ అనే, కొద్ది రోజుల్లోనే ఆటలు తయారుచేసే మేళాలో మొలకెత్తించి 2019లో పూర్తి చేసిన ఆట ఇది. గోడ అడ్డమని, జెండా తాకితే గెలుపని చెప్పే వాక్యాలు ఆ గదిలోనే రాతిపలకల్లా పడి ఉంటాయి. ఒక పలకను నెట్టి వాక్యాన్ని విడదీస్తే ఆ నియమం చచ్చిపోతుంది, గోడలోంచి నడిచి వెళ్ళవచ్చు. మా చిన్నది ఐదో తరగతి. దానికి 'ఈజ్' వాడకం బడిలో వచ్చినదానికన్నా ఈ ఆటలో బాగా వచ్చిందని నా అనుమానం. దీన్ని తెలుగులో చేస్తే ఎలా ఉంటుందని ఒక రాత్రంతా ఆలోచించాను, శ్రీధర్. కుదరదు. "గోడ అడ్డం", "జెండా గెలుపు" అంటే మనకు వాక్యం పూర్తయిపోతుంది. ఇంగ్లీషులో ఆ నడుమ నిలబడి రెండు మాటలను కట్టే 'ఈజ్' మనకు అవసరమే లేదు. ఆ నడుమ పలకను లాగేయడమే సగం ఆట కాబట్టి, మన వ్యాకరణం ఆ ఆటను ముందే విప్పేసి కూర్చుంది.

ఈ ఆట మీద ఆటగాళ్ళ ఫిర్యాదు కష్టం గురించి. రెండువందల పైచిలుకు లెవెళ్ళున్నాయి. మొదట చేయి పట్టుకుని నడిపించినట్టే నడిపించి, ఒక మలుపులో చేయి వదిలేస్తుంది. నేను రెండు వారాలు ఒక లెవెల్ దగ్గర ఆగిపోయి, చివరికి సిగ్గు విడిచి జవాబు చూశాను. చూసిన మరుక్షణం పశ్చాత్తాపం. పొడుపుకథకు విడుపు పక్కవాడు చెప్పేస్తే కలిగే చప్పదనం నీకు తెలియనిది కాదు. ఇక్కడ నీ ఫిర్యాదు న్యాయం: టైకారి తలలో ఉన్నదే నీ తలలోకి రావాలి, వేరే దారి చాలాచోట్ల లేదు.

'రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్' కూడా ఈ జాతిదే, కానీ దానికి నేను ఎన్ని మార్కులైనా వేస్తాను. లూకాస్ పోప్ 2018లో తెచ్చాడు. 1807లో ఖాళీగా తిరిగివచ్చిన ఈస్టిండియా కంపెనీ ఓడలోకి బీమా లెక్కలు చూసే అధికారిగా ఎక్కి, 60 మందిలో ఎవరు ఎవరో, ఎవరు ఎలా పోయారో తేల్చాలి. ఒక్కో ఊహను తప్పో ఒప్పో చెప్పకుండా, మూడు సరిగా కుదిరినప్పుడే ఖాయం చేస్తుంది. గుడ్డిగా రాయి విసిరేవాడికి పని జరగకుండా చేసిన ఏర్పాటు అది, మనం పరీక్షలో నాలుగింటిలో ఒకటి గీసి వచ్చిన పద్ధతి అక్కడ చెల్లదు. ఆ సిబ్బందిలో మన దేశపు నావికులు కూడా ఉన్నారు. కోరంగిలో ఓడలు కట్టిన కాలమది కదా అని, తలపాగా కనిపించిన ప్రతి ముఖాన్నీ కాస్త ఎక్కువసేపు చూశాను. దాన్ని ఒక్కసారే ఆడగలమన్నది అందరూ అనే మాట. నిజమే, జ్ఞాపకం పోతే తప్ప రెండోసారి లేదు. ఇంకేమీ చెప్పను, నువ్వు ఎప్పుడైనా ఆడితే నన్ను తిట్టుకుంటావు.

ఇక నీకు అసలు సరిపోయే ఆట. రోజూ ఎస్టిమేట్లు వేసి, ఖర్చు తగ్గించమనే యజమానికీ, తొందర పెట్టే కాంట్రాక్టరుకూ, స్థలం చాలదనే ఆర్కిటెక్టుకూ మధ్య నలిగే మనిషివి. జాక్‌ట్రానిక్స్ వాళ్ళు 2017లో తెచ్చిన 'ఒపస్ మాగ్నమ్' నీ జీవితాన్ని చూసి చేసినట్టే ఉంటుంది. రసవాదివై, సీసాన్ని బంగారం చేసే యంత్రానికి చేతులూ పట్టాలూ అమర్చాలి. ఎంత చెత్తగా అమర్చినా పని జరిగితే చాలు, నువ్వు గెలిచినట్టే. ఆ తరువాత మూడు పటాలు వస్తాయి: నీ యంత్రానికి ఖర్చెంత, ఎన్ని దశల్లో పని ముగించింది, ఎంత చోటు ఆక్రమించింది అని, మిగతా ఆటగాళ్ళందరి మధ్య నువ్వెక్కడున్నావో చూపిస్తాయి. ఖర్చు తగ్గిస్తే వేగం పోతుంది, వేగం పెంచితే చోటు పెరుగుతుంది. ఇక్కడ పొడుపు ఉంది, విడుపు మాత్రం ఎన్ని బుర్రలకు అన్ని. నేను ముద్దుగా కట్టుకున్న యంత్రం ఆ పటంలో చిట్టచివర, బద్ధకస్తుల గుంపులో పడటం చూసి ఒక రాత్రి రెండింటి దాకా దాన్ని విప్పి కడుతూ కూర్చున్నాను. ఎవరూ అడగలేదు, మార్కులూ లేవు.

'ఫ్యాక్టోరియో' సంగతి అడిగావు. ప్రాగ్ నగరపు వూబ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళది. 2016లో అసంపూర్తిగా స్టీమ్‌లోకి వచ్చి, 2020 ఆగస్టులో పూర్తయింది. నిర్జన గ్రహం మీద పడిన మనిషి చేత్తో ఇనుము తవ్వడంతో మొదలుపెట్టి రాకెట్ దాకా కట్టాలి. ఇందులో పొడుపు వేసేవాడే లేడు, నిన్న నువ్వు కట్టిందే నేటి చిక్కుముడి. ఒక ఉదాహరణ చెబుతాను. పరిశోధనకు ఎర్ర సీసా, పచ్చ సీసా కావాలి. ఎర్రదాని తయారీకి 5 సెకన్లు, పచ్చదానికి 6 సెకన్లు. కాబట్టి ఎర్రవాటికి ఐదు యంత్రాలు, పచ్చవాటికి ఆరు పెడితే రెండూ సమంగా దిగుతాయి. ఇంత చిన్న లెక్క తెలిసిన ఆనందంలో మనిషి అన్నం మరిచిపోతాడంటే నువ్వు నమ్మవు. నేను మరిచిపోయాను. ఒకసారి రాగి వెళ్ళే బెల్టు మీదికి పొరపాటున నాలుగు ఇనుప పలకలు ఎక్కించి, అవి చివరి యంత్రం ముందు ఇరుక్కుని ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోతే, కారణం వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది.

దాని ధర గురించి ఆటగాళ్ళ తగవు వేరే కథ. వాళ్ళు ఎన్నడూ తగ్గింపు ఇవ్వరు. అంతటితో ఆగక, 2023 జనవరిలో 30 డాలర్లను 35 చేశారు. పాత ఆటకు ధర పెంచడమేమిటని కొందరు మండిపడ్డారు. ఆషాఢం తగ్గింపుల కోసం చీర కొనడం వాయిదా వేసే ఇళ్ళలో పెరిగిన నాకు కూడా మొదట చివుక్కుమంది. కానీ తొందరపడి ముందే కొన్నవాడు మోసపోయాననుకునే పరిస్థితి రాలేదు కదా, అది నాకు నచ్చింది. ఉచితంగా ఆడి చూసే భాగం ఒకటి ఉంది, ముందు దానితో సరిపెట్టుకో. ఫ్యాక్టరీ పొగకు పురుగులు దాడికి వస్తాయి. వాటిని మొదటే నిలిపివేసే వీలుంది, నేను నిలిపివేశాను. యుద్ధం కాదన్న నీమీద ఇంత వాదన రాసి చివరికి ఇది ఒప్పుకోవలసి రావడం నా ఖర్మ.

మా చెల్లెలు ఆడే 'స్టార్‌డ్యూ వ్యాలీ' గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్ళకు పైగా కూర్చుని 2016లో తెచ్చిన వ్యవసాయం ఆట. పండించినది ఇంటి ముందు పెట్టెలో వేసి పడుకుంటే తెల్లవారేసరికి చెప్పిన ధరకే డబ్బు జమ అవుతుంది. మిర్చి టిక్కీలు బండికెత్తిన ప్రతిసారీ ధర ఎంత పలుకుతుందోనని రాత్రంతా మేలుకున్న మా పెదనాన్నకు ఆ పెట్టెను చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అయితే ఇందులో కష్టమేముంది?" అన్నారు. చెల్లెలు మాత్రం ఆ కష్టం లేకపోవడానికే డబ్బు పెట్టానంటుంది. ఇద్దరి మధ్య నేను కలగజేసుకోలేదు.

ఈ కాగితం వెనక ఎనిమిది గడుల బల్ల గీశాను. 'ఇంటు ది బ్రీచ్'లో నిన్నటి నుంచి నేను ఆగిపోయిన వంతు అది. గుండ్రాలు పురుగులు, బాణాలు అవి కొట్టబోయే గడులు, చతురస్రాలు భవనాలు, త్రిభుజాలు నావి. కింది వరుసలోని త్రిభుజం కదిలే స్థితిలో లేదు, మిగిలిన రెండింటికీ ఒక్కో ఎత్తు మాత్రమే ఉంది. మూడు బాణాల్లో రెండింటిని తప్పించగలుగుతున్నాను, మూడోది నా పాత పైలట్ మీద పడుతోంది, లేదా మూలనున్న భవనం మీద. జవాబు నా దగ్గర లేదు. ఆట చేసిన ఆ ఇద్దరి దగ్గర కూడా లేదు. నీ ఎత్తు ఏమిటో రాసి పంపు, అంతవరకు ఆటను తెరవను.

నీ
రమణ