వెన్ను ఇంప్లాంట్ల ప్రచారం వెనక డబ్బు

సంపాదకులు గారికి,

వెన్నులో స్క్రూలు వేస్తే ఇక జన్మలో నడుంనొప్పి రాదని పెద్ద సర్జన్లు వీడియోల్లో చెబుతుంటే జనం నమ్మేస్తున్నారు. నాకు మాత్రం అమెరికాలో మెడ్‌ట్రానిక్ కంపెనీ 'ఇన్‌ఫ్యూజ్' గుర్తొస్తుంది. వెన్నుపూసలు అతుక్కోవడానికి వాడే ఈ ప్రొటీన్‌కు 2002లో అనుమతి వచ్చింది. కంపెనీ డబ్బుతో జరిగిన తొలి 13 అధ్యయనాల్లో దానివల్ల ఒక్క దుష్ఫలితమూ లేదని రాశారు. 2011లో 'ది స్పైన్ జర్నల్' మళ్లీ పరిశీలిస్తే, వాడిన పద్ధతిని బట్టి 10 నుంచి 50 శాతం దాకా ఉన్నాయని తేలింది. ఆ కంపెనీ అధ్యయనాలు రాసిన డాక్టర్లకు 1996–2010 మధ్య సుమారు 21 కోట్ల డాలర్లు ముట్టాయని 2012లో సెనేట్ కమిటీ బయటపెట్టింది. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మ ఆపరేషన్ కాగితాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. ఒక పేజీ మీద ఆరు స్క్రూల స్టిక్కర్లు వరసగా అతికించి ఉన్నాయి. ఆ స్క్రూల కంపెనీ నుంచి మీకేమైనా అందుతుందా అని డాక్టర్‌గారిని అడగాలని ఆ టెన్షన్‌లో తట్టనేలేదు. అమెరికాలోనైతే 2014 నుంచి డాక్టర్ పేరు కొడితే చాలు, ఏ కంపెనీ ఎంతిచ్చిందో ఇంటర్నెట్‌లో కనబడుతుంది. ఇక్కడి రోగులకూ సంతకం పెట్టకముందే ఆ వివరం చూసుకునే వీలు ప్రభుత్వం కల్పించాలి.

– ఒక పాఠకురాలు, వరంగల్